రేడియేటర్ మూత గురించి నేనిచ్చిన సలహా

పని మానేశాక కూర్చోవడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి అరుగు మీద కుర్చీ వేసుకుంటే హైవే మీద పోయే బళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆ లారీకి ఫ్యాను బెల్టు వదులైంది, ఈ వ్యానుకి వాటర్ పంపు బేరింగు పోయింది అని లోపల లెక్కలు నడుస్తుంటాయి. లేచి గేటు దాకా వెళతాను, బండి వెళ్ళిపోయి ఉంటుంది. వెనక్కొచ్చి కూర్చుంటాను. మళ్ళీ లేస్తాను. "గేటుకి కీళ్ళరిగేది మీ వల్లే" అంటుంది మా ఖైరున్.

నా పేరు మస్తాన్. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు రేడియేటర్ల పని చేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి ఏమైనా రాసి పెట్టమని చాలామంది అడిగారు. ఏ కొలత పానా ఎక్కడ పెట్టాలో ఫోనులో వీడియోలు చూసి నేర్చుకోవచ్చు, దానికి నేను అక్కర్లేదు. నేను రాస్తున్నది ఒక మాట గురించి. ఇరవై ఏడేళ్ళ కింద ఒక మనిషికి తప్పుడు సలహా ఇచ్చాను. దానివల్ల ఆ మనిషి చెయ్యి పోయింది. తప్పు నాదని అతనికి చెప్పలేదు. నా కుదురులేనితనానికి అసలు కారణం రిటైర్మెంటు కాదు, ఇది. ఈ మధ్య అతనే తన పాత పికప్ బండి వేసుకుని, రేడియేటర్ మార్చమని మా ఇంటికే వచ్చాడు.

పసుపు

మా గురువు కోటయ్య మేస్త్రి. అప్పట్లో రేడియేటర్లన్నీ రాగి, ఇత్తడి. కారితే విప్పి, తొట్టిలో ముంచి, గాలి పట్టి, బుడగ ఎక్కడ లేస్తుందో చూసి అక్కడ సీసం కరిగించి మాటు వేసేవాళ్ళం. కోటయ్యగారి దగ్గర ఒక పద్ధతి ఉండేది. బండి తెచ్చినవాణ్ణి పిలిచి, వాడి వేలు ఆ బుడగ మీద పెట్టించేవాడు. "తగిలిందా? ఇదీ నీ చిల్లు. ఇప్పుడు మాటేస్తాను. రేపు వేరే చోట కారితే అది వేరే చిల్లు. నన్ననమాక" అనేవాడు. వాదనలు సగం అక్కడే తెగిపోయేవి.

ఆయన మంచి పనివాడు, చెడ్డ నోరు. పొద్దున్నే తిట్లతో షెడ్డు తెరిచి సాయంత్రం తిట్లతోనే మూసేవాడు. వినీ వినీ అవి మాకు సుప్రభాతం లెక్కన అలవాటైపోయాయి. కానీ పనిలో దాపరికం ఉండేది కాదు. తన మాటు ఊడిపోయి బండి తిరిగొస్తే ఊళ్ళో అందరికీ వినపడేలా తన్ను తానే తిట్టుకునేవాడు. ఆయన దగ్గర నేను పని నేర్చుకున్నాను. ఈ గుణం మాత్రం నేర్చుకోలేదు.

పసుపు చిట్కా కూడా ఆయనదే. దారిలో రేడియేటర్ సన్నగా కారుతుంటే గుప్పెడు పసుపు నీళ్ళలో కలిపి పోస్తే, అది చిల్లులోకి చేరి గడ్డకట్టి కారడం ఆగుతుంది. లారీ డ్రైవర్లందరికీ తెలిసిన విద్యే. "పసుపనేది ఊరు చేరడానికిరా, ఊళ్ళు తిరగడానికి కాదు" అని కోటయ్యగారు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. వెయ్యిసార్లు విన్నాను. నా సొంత షెడ్డు పెట్టాక మరిచిపోయాను.

మరిచిపోయానని రాశాను గానీ అది అబద్ధం. గుర్తుండే చేశాను.

నాంచారయ్య చెయ్యి

నాంచారయ్యది పెడన దగ్గర నేతవాళ్ళ కుటుంబం. నాకంటే రెండేళ్ళు చిన్న. అప్పటికి వాళ్ళింట్లో రెండు మగ్గాలుండేవి. ఒకదాని మీద తండ్రి, ఒకదాని మీద ఇతను. నేసిన చీరలు విజయవాడ కొట్లకు చేర్చడానికి పాత డీజిల్ వ్యానొకటి కొన్నాడు. నాలుగు రోజులు నేత, ఒకరోజు వ్యాను. తండ్రికి ఆ వ్యానంటే గిట్టేది కాదు. మగ్గం మీద కూర్చోవాల్సినవాడు స్టీరింగు పట్టుకోవడమేంటని ఆయన గొడవ.

ఒకరోజు మధ్యాహ్నం ఆ వ్యాను కారుతూ నా షెడ్డుకొచ్చింది. చూశాను. కింది ట్యాంకు అతుకు దగ్గర చీలిక. విప్పి మాటు వెయ్యాల్సిందే.

"ఇవాళ అవ్వకపోతే రేపు తీసుకుంటాలే మేస్త్రీ, నాకేం తొందర లేదు. రాత్రికి మా బావమరిది ఇంట్లో పడుకుంటా" అన్నాడు నాంచారయ్య.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. తొందర లేదన్నాడు.

తొందర నాది. పెద్ద లారీ ఓనరు ఒకాయన అదే రోజు మొదటిసారిగా మూడు బళ్ళు పంపాడు. ఆయన మెప్పు పొందితే షెడ్డు నిలబడుతుందని నా ఆశ. చీరల వ్యాను అడ్డంగా కనిపించింది. పసుపు కలిపి పోశాను. కారడం ఆగింది. "ఇంకో నెల ఢోకా లేదు, వెళ్ళు" అన్నాను. అతను బండెక్కాక కిటికీ దగ్గరికెళ్ళి ఇంకో సలహా కూడా ఇచ్చాను. "దారిలో వేడెక్కితే పక్కకి ఆపు. హీట్ మీటరు ముల్లు కిందికి దిగిందాకా ఆగు. దిగాక మూత తీసి నీళ్ళు పోసుకో."

కొత్తవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి. ఆ ముల్లుని నడిపే సెన్సారు కొలిచేది నీళ్ళ వేడిని. నీళ్ళన్నీ కారిపోతే ఆ సెన్సారు ఉత్త ఆవిరిలో వేలాడుతుంటుంది. అప్పుడు ఇంజను నిప్పులా కాలుతున్నా ముల్లు కిందికి పడిపోవచ్చు. అంటే ముల్లు దిగడం కొన్నిసార్లు చల్లారిందనడానికి గుర్తు, కొన్నిసార్లు కొంప మునిగిందనడానికి గుర్తు. మూత తీసేముందు ముల్లుని కాదు, పై హోస్ పైపుని నమ్మాలి. దానికి చెయ్యి దగ్గరగా పెట్టి చూడాలి, సెగ పూర్తిగా పోవాలి. నాకా సంగతి తెలుసు. ఆ రోజు చెప్పే తీరిక లేదు, అంతే.

వ్యాను కంకిపాడు దాటాక పసుపు విడిచిపెట్టింది. ముల్లు పైకెక్కింది. నాంచారయ్య ఆపాడు. కాసేపటికి ముల్లు కిందికి దిగింది. నేను చెప్పినట్టే మూత తీశాడు. జాగ్రత్త కోసం చీర ముక్క నాలుగు మడతలు పెట్టి మరీ పట్టుకున్నాడట. లోపలి ఆవిరి, మిగిలిన కాసిని మరుగుతున్న నీళ్ళు, అన్నీ కలిసి ఆ కుడిచేతి మీదే లేచాయి. తడిసిన గుడ్డ చేతికి అంటుకుపోయింది.

మర్నాడు ఆ వ్యానుని తాడు కట్టి నా షెడ్డుకే తెచ్చారు. రేడియేటర్ కింది కుళాయి తిప్పి చూశాను. చుక్క నీరు లేదు. ఏం జరిగిందో అప్పుడే తెలిసిపోయింది. ఆ తరవాత ఆసుపత్రికి వెళ్ళాను. చేతికి మోచేయి దాకా కట్టు. తండ్రి, భార్య రమణమ్మ మంచం పక్కనే ఉన్నారు.

"ముల్లు కిందికి దిగిందాకా ఆగాననే అనుకున్నా మేస్త్రీ. ఆగలేదంటావా?" అని నన్నే అడిగాడు.

చెప్పాల్సిన క్షణం అది. అతని తండ్రి నా మొహంలోకే చూస్తున్నాడు. నేనన్నాను, "కొంచెం తొందరపడ్డావేమో నాంచారయ్యా."

"వీడికి చిన్నప్పట్నించీ అన్నిట్లో తొందరే" అన్నాడు ఆ పెద్దాయన.

కాలిన చర్మం మానుతూ మానుతూ లోపలికి లాక్కుంది. మూడు వేళ్ళు సగం ముడుచుకునే ఉండిపోయాయి. స్టీరింగు పట్టుకోవడానికి ఆ చెయ్యి సరిపోతుంది. తెగిన పోగుని అతకడానికి సరిపోదు. పోగు అతకలేనివాడికి మగ్గం మీద ఏం పని? ఒక మగ్గం అమ్మేశారు. నాంచారయ్య ఇతరులు నేసిన చీరలు మోసే డ్రైవరయ్యాడు. ఈ ఇరవై ఏడేళ్ళలో ఎన్ని బళ్ళు మార్చినా నా దగ్గరికే తెచ్చాడు. "మస్తాన్ మేస్త్రి తప్ప నా బండిని ఇంకోడు ముట్టుకోడు" అని అందరితో గొప్పగా చెప్పేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. అతని మీద కాదు.

పని గురించి నాలుగు ముక్కలు

ఎంతసేపూ నా గోడే రాస్తే కొత్తవాళ్ళకి ఒరిగేదేం లేదు. కొన్ని సంగతులు చెప్పి ముందుకెళతాను.

సముద్రం వైపు ఊళ్ళ నుంచి వచ్చే బళ్ళకి రేడియేటర్లు తొందరగా పోతాయి. అక్కడి బోరునీళ్ళు ఉప్పన. రొయ్యల మేత తోలే డ్రైవర్లు ఆ నీళ్ళే పోసేస్తారు. ఎంత పోట్లాడినా వినరు. నీళ్ళు నీళ్ళేగా అంటారు. ఆ నీళ్ళు మీరు తాగుతారా అనడగండి, తాగరు. ఇంజనుతో ఎందుకు తాగిస్తారు?

ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని ఆపి ఉంచే థర్మోస్టాట్ వాల్వుని పీకి పారెయ్యడం మనవాళ్ళ పెద్ద జబ్బు. మన ఎండలకి అది అక్కర్లేదని ఎవడో మహానుభావుడు ఎప్పుడో అన్నాడు, తరాలుగా అదే నడుస్తోంది. నేనూ వందల బళ్ళకి పీకాను. అది తప్పు. ఇంజను ఒక వేడి దగ్గర పనిచెయ్యడానికి పుట్టింది. మరీ చల్లగా ఉన్నా అరుగుతుంది. వాల్వు పాడైతే కొత్తది వెయ్యండి, ఆ చోటు ఖాళీగా వదిలెయ్యకండి.

ఇప్పటి రేడియేటర్లు అల్యూమినియం, పైనా కిందా ప్లాస్టిక్ ట్యాంకులు. మాటు పట్టదు. కారితే మార్చడమే. నా విద్యంతా మాటు విద్య. దానికి కాలం చెల్లడం కళ్ళారా చూశాను. బాధగానే ఉంది, లేదని ఎందుకు బుకాయించాలి.

గంజి

మొన్నొక ఆదివారం పొద్దున, హైవే మీంచి ఒక బండి మా వీధిలోకి తిరిగిన చప్పుడైంది. చప్పుడు వింటూనే తెలిసిపోయింది. నాంచారయ్య పికప్. పద్దెనిమిదేళ్ళ బండి. ముందు చక్రాల మధ్య నుంచి నీళ్ళు కారుతూ వీధంతా గీత గీసుకుంటూ వచ్చింది. వెనక నూలు మూటలు. పక్క సీట్లో అట్టపెట్టెలో కొత్త రేడియేటర్.

"ఆటోనగర్‌లో కొన్నా. అక్కడే బిగిస్తామన్నారు. నేనొప్పుకోలా. నువ్వున్నావు గదా" అన్నాడు దిగుతూ.

"నేను పని మానేసి రెండేళ్ళయింది నాంచారయ్యా."

"చేతులు మానేశాయా?"

ఖైరున్ గుమ్మంలోంచి నవ్వింది. "అన్నయ్యా, ఏదో ఒక పని ఇచ్చి పుణ్యం కట్టుకో. పొద్దున్నుంచి పదకొండుసార్లు గేటు తీసి వేశారు."

ఇంజను చల్లారనిచ్చాం. పై హోస్ మీద చెయ్యి పెట్టి చూసి అప్పుడు మూత తీశాను. కింద బేసిను పెట్టి కుళాయి తిప్పాను. నీళ్ళు రాలేదు. పుల్లతో పొడిచాను. తెల్లగా, జిగురుగా, పాయసం అడుగంటినట్టు ముద్దలు ముద్దలుగా జారి పడింది.

"ఏంటిది?"

నాంచారయ్య తల గోక్కున్నాడు. "గంజి."

"గంజేంటయ్యా!"

"కారుతోందిగా. నువ్వప్పుడు పసుపు పోశావు, గుర్తుందా? పసుపు పట్టినప్పుడు గంజి ఇంకా గట్టిగా పట్టాలిగా. మగ్గం మీద పడుగు నూలుకి పెట్టే గంజే, చిక్కగా కాచి పోశా. పోగుని పట్టుకునేది చిల్లుని పట్టుకోదా అనుకున్నా."

ముందు పడీ పడీ నవ్వాను. నేతగాడి బుర్రకి తప్ప ఈ ఆలోచన ఇంకెవరికీ రాదు. అతనూ నవ్వాడు. సగంలో నేను నవ్వు ఆపేశాను. నువ్వప్పుడు పోశావు గదా అన్నాడు. ఇన్నేళ్ళ తరవాత కూడా నేను చేసిన పనిని మంచి పనిగా గుర్తుపెట్టుకుని దాని మీద నమ్మకంతో ఇంజనుకి గంజి తాగించాడు.

ఇక పనిలో పడ్డాను. కింది హోస్ పీకాను, పై హోస్ పీకాను. ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు తీశాను. పక్క బోల్టుల్లో ఒకటి తుప్పు పట్టి కదల్లేదు. నూనె పోసి కాసేపు వదిలేశాను. ఇంట్లో చేసుకునేవాళ్ళు ఇక్కడే ఓపిక పోగొట్టుకుని బోల్టు తల విరగ్గొడతారు. పాత రేడియేటర్ పైకి లాగి, కొత్తదాని పక్కన నేల మీద పెట్టి, గొట్టాల మూతులూ బోల్టుల చెవులూ ఒక్కొక్కటే కలిపి చూశాను. ఇది చూసుకోకుండా బిగించి మళ్ళీ విప్పినవాళ్ళు నాకు చాలామంది తెలుసు, నాతో కలిపి.

ఇంజన్లోకి పోయిన గంజిని వదిలించడం పెద్ద పనైంది. గోరువెచ్చని నీళ్ళు పోయడం, వదలడం. నీళ్ళు తేటగా వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. వాల్వు తీసి చూస్తే దానికీ గంజి పట్టి బిర్రబిగుసుకుపోయింది. కడిగి, తెరుచుకుంటుందో లేదో చూడాలని వంటింట్లోకెళ్ళి ఒక గిన్నెలో నీళ్ళు పెట్టి అందులో వేశాను.

"అది పాలగిన్నె!" ఖైరున్ కేక.

"ఇప్పుడు ఇంజను గిన్నె."

"ఐతే రేపట్నుంచి టీ కూడా ఆ ఇంజన్నే పెట్టమనండి."

నాంచారయ్య, నేను పొయ్యి ముందు వంగి చూస్తూ నిలబడ్డాం. నీళ్ళు కాగాయి, వాల్వు మెల్లగా నోరు తెరిచింది. "బతికే ఉంది" అన్నాడు సంబరంగా. అతని ముడుచుకున్న వేళ్ళు పొయ్యి గట్టు మీద ఉన్నాయి. ఆవిరి అటు వీస్తే చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. తనకే తెలియకుండా లాక్కున్నాడు. ఇరవై ఏడేళ్ళ తరవాత కూడా ఆ చేతికి భయం పోలేదు. ఇక ఆగడం నా వల్ల కాదని అప్పుడే అనిపించింది.

మూత తెరిచి ఉంచిన పావుగంట

అన్నీ బిగించాం. కూలెంటు కలిపిన నీళ్ళు నిండా పోశాం. ఇంజను స్టార్ట్ చేసి, మూత పెట్టకుండా వదిలాను. ఎందుకంటే వాల్వు ముందు మూసుకునే ఉంటుంది. ఇంజను వేడెక్కాక అది తెరుచుకుంటుంది. అప్పుడు లోపలున్న గాలి పైకి తన్నుకొచ్చి నీటిమట్టం గభాలున పడిపోతుంది. మళ్ళీ పోసి నింపాలి. ఆ తరవాతే మూత. దానికి పావుగంట పట్టొచ్చు. కొత్తవాళ్ళు చెడేది ఈ పావుగంట ఆగలేకే.

ఆ పావుగంటలోనే నేను నోరు తెరిచాను.

"నాంచారయ్యా, నీ చెయ్యి కాలిన రోజు నువ్వు తొందరపడలేదు."

"ఏంటి?"

"ముల్లు దిగేదాకా ఆగే ఉంటావు. నీళ్ళు లేకపోతే ముల్లు దానంతటదే పడిపోతుంది. ఆ సంగతి నీకు చెప్పలేదు. మూత తియ్యమంది నేను. మాటేసి పంపాల్సిన బండికి పసుపు పోసి పంపిందీ నేనే. రేపు తీసుకుంటా అన్నావు నువ్వు. నాకే వేరే బళ్ళ తొందర."

అతను ఇంజను వంకే చూస్తున్నాడు. ఇంజను మోతలో నా మాట వినపడలేదేమోనని మళ్ళీ చెప్పబోయాను.

"ఎప్పుడు తెలుసు నీకు?" అన్నాడు.

"మర్నాడే. ఆసుపత్రికి రాకముందే."

"రాకముందే," అన్నాడు. "అక్కడ మా నాయన ముందర తొందరపడ్డావేమో అన్నావు."

"అన్నాను."

"చేతి సంగతి వదిలెయ్ మేస్త్రీ. ఎవడి వల్లయినా కాలుద్ది. మా నాయన పోయేదాకా అదే మాటన్నాడు. తొందరపడి మగ్గం పోగొట్టినోడు అని. మా ఆవిడ ఇప్పటికీ ఏదన్నా చెయ్యబోతే, ఆగు, నీది అసలే తొందర చెయ్యి అంటది. పిల్లలకి సంబంధాలు చూసేటప్పుడు కూడా నన్ను ఆఖర్న అడిగారు. నేనూ నమ్మా. నేనే అట్టాంటోణ్ణని నమ్మా."

నేనూహించుకున్నది చేతి గురించి. ఇన్నేళ్ళూ నిద్ర పట్టనప్పుడల్లా చేతి గురించే ఏడ్చుకున్నాను. ఈ రెండో వాత సంగతి నాకు తట్టనే లేదు. సిగ్గుతో ఏం చెయ్యాలో తెలియలేదు. చేతులకి పని కావాలి. మూత అక్కడే కనిపించింది. తీసి బిగించేశాను. బానెట్ దించాను. పని అయిపోయినట్టు చేతులు తుడుచుకున్నాను.

ఖైరున్ టీ తెచ్చింది. నాంచారయ్య తాగలేదు. "వస్తానమ్మా" అని ఆమెతో మాత్రం చెప్పి, నా మొహం చూడకుండా బండెక్కి వెళ్ళిపోయాడు.

బందరు రోడ్డు

టీ రెండు కప్పులూ నేనే తాగాను. లేచాను. గేటు దాకా వెళ్ళాను. వచ్చాను. నేల మీద కూలెంటు డబ్బా కనిపించింది. ఎత్తి చూస్తే ఇంకా బరువుగానే ఉంది. ఎందుకింత మిగిలింది అనుకుంటుండగా తట్టింది. వాల్వు తెరుచుకోకముందే మూత పెట్టాను. గాలి లోపలే ఉంది. రెండోసారి నీళ్ళు పొయ్యనే లేదు.

అంటే దారిలో వాల్వు తెరుచుకున్నాక నీటిమట్టం పడిపోతుంది. వేడెక్కుతుంది. ముల్లు పైకెక్కి, తరవాత కిందికి పడుతుంది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఎందుకెత్తుతాడు? స్కూటర్ కాళ్ళ దగ్గర నీళ్ళ డబ్బా, కూలెంటు డబ్బా పెట్టుకుని బయల్దేరాను. "హెల్మెట్టు!" అని ఖైరున్ వెనకాల పరిగెత్తి తెచ్చిచ్చింది. భవానీపురం, కొండ పక్క వంతెన, బస్టాండు, ప్రతి సిగ్నల్ దగ్గరా మళ్ళీ ఫోన్. బెంజ్ సర్కిల్ దగ్గర ఆదివారం కూడా ట్రాఫిక్ ఒత్తుకుని నిలబడి ఉంది. ఇలాంటి నత్తనడకలోనే బండి వేడెక్కేది. ఈ వయసులో, ఆ ఎండలో హారన్ కొడుతూ అందరి చేతా తిట్లు తిన్నాను. కోటయ్యగారి తిట్లు గుర్తొచ్చాయి. ఈసారి ఆయన తిడితే బాగుండుననిపించింది.

బందరు రోడ్డులో పెడన వైపు కొంత దూరం పోయాక ఎడమ పక్కన కనిపించింది పికప్. బానెట్ ఎత్తి ఉంది. మనిషి కనిపించలేదు. స్కూటర్ స్టాండు కూడా సరిగా వెయ్యలేదు, పడిపోయింది. పరిగెత్తాను.

నాంచారయ్య బండి అవతలి పక్క నీడలో నూలు మూట మీద కూర్చుని ఉన్నాడు. ముందు చేతులు చూశాను. రెండూ బాగానే ఉన్నాయి. మూత చూశాను. బిగించింది బిగించినట్టే ఉంది.

"ముల్లు పైకెక్కింది. అంతలోనే టపీమని పడింది" అన్నాడు నన్ను చూడకుండా. "వెంటనే ఇంజనాపేశా. మూత ముట్టుకోలా."

"ఫోనెత్తలేదేంటి?"

"నీతో మాట్లాడాలనిపించలా."

తప్పు మళ్ళీ నాదేనని, గాలి తియ్యకుండా మూత పెట్టానని అక్కడికక్కడే చెప్పాను. ఈసారి చెప్పడానికి ఇరవై ఏడేళ్ళు పట్టలేదు. అతను తలూపాడు. తిడతాడేమోనని ఎదురుచూశాను. తిట్టలేదు. ఇద్దరం ఆ మూట మీదే కూర్చున్నాం. అయిదు నిమిషాలకోసారి నేను లేచి పై హోస్ దగ్గర చెయ్యి పెట్టి చూసి రావడం, అతను "ఊ?" అనడం, నేను "ఇంకా లేదు" అనడం. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఏ బండికి ఏ జబ్బుందో ఒక్కటి కూడా వినపడలేదు నాకు.

నాలుగోసారి లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. ముడుచుకున్న వేళ్ళతోనే. రెండో చేత్తో ఫోన్ తీసి నంబరు నొక్కాడు.

"ఏవే, దారిలో ఆగా. బండికేం కాలేదు, నాకేం కాలేదు. ఇదుగో, మస్తాన్ మేస్త్రి పక్కనే ఉన్నాడు. నీకేదో చెప్తాడంట, విను."

ఫోను నాకిచ్చాడు. "మా నాయనకైతే చెప్పలేవు. దీనికైనా చెప్పు."

ఫోను చెవికి పెట్టుకున్నాను. "చెప్పండన్నయ్యా" అంది రమణమ్మ.

"అమ్మా," అన్నాను, "చెయ్యి కాలిన రోజున మీ ఆయన తొందరపడలేదు. తొందర నాదమ్మా." మొదటి నుంచి అంతా చెప్పాను. రేపు తీసుకుంటాలే అన్న మాట దగ్గర్నుంచి ఆసుపత్రిలో నేనన్న మాట దాకా. అయిపోయాక "ఆయనకివ్వండి" అంది.

నాంచారయ్య ఫోను తీసుకుని నాలుగడుగులు అవతలికి వెళ్ళాడు. "ఊ" అన్నాడు. "ఊ" అన్నాడు. తరవాత ఆ ముడుచుకున్న చేతి వెనక వైపుతో కళ్ళు తుడుచుకోవడం మాత్రం చూశాను.

తిరిగొచ్చాక బానెట్ పక్కన నిలబడి, "చల్లారిందా?" అన్నాడు.

పై హోస్ పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. మళ్ళీ ఒకసారి పట్టుకుని చూశాను.

"చల్లారింది."

"ఐతే నువ్వు తియ్యి మూత" అని, మూడు గజాలు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

తీశాను.